ధూమం పోయినా ధూమ్రం మిగులుతుంది



విఘ్నేశ్వరుని నామాలను నిత్యం పఠించేవారి నోట రెండు పదాలు అలవోకగా వెలువడుతుంటాయి. వినాయకచవితి నాడు పూజలో చెప్పుకొనే షోడశనామాలలో 'ధూమకేతు' ఒకటి. సంకటనాశన స్తోత్రంలోని ద్వాదశనామాలలో 'ధూమ్రవర్ణ' మరొకటి. రెండింటినీ పొగతో ముడిపెట్టి అర్థం చెప్పి ముందుకు సాగిపోవడం పరిపాటి. అయితే మొదటి నామంలో ఉన్నది ధూమం, రెండవ నామంలో ఉన్నది ధూమ్రం. భేదం ఒక్క రేఫ మాత్రమే. ఆ రేఫలో ఎంత అర్థం ఇమిడి ఉన్నదో విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ధూమం ఒక వస్తువు పేరు. 'కదలుట, కంపించుట' అనే అర్థంగల ధూఞ్ ధాతువు నుండి ఆ శబ్దం ఏర్పడినదని వైయాకరణులు చెబుతారు. నిలకడ లేనిది, కదులుతూ పోయేది ధూమం. ధూమ్రం అటువంటిది కాదు. అది గుణవాచకం, అనగా విశేషణం. పొగ యొక్క వన్నెను స్వీకరించినది ధూమ్రం. అమరసింహుడు తన కోశంలో వర్ణాలను చెప్పే సందర్భంలో ధూమ్ర, ధూమల శబ్దాలను కృష్ణలోహితవర్ణానికి పర్యాయాలుగా చేర్చాడు. కృష్ణలోహితమనగా నలుపు, ఎరుపు కలసిన వన్నె.

పొగరంగు అనగానే మనకు బూడిదవన్నె మనసులో మెదులుతుంది. మరి అమరుడు నలుపెరుపు అని ఎందుకన్నాడు? ఏండ్ల తరబడి కట్టెలపొయ్యి వెలిగిన వంటింటి దూలాన్ని ఒక్కసారి పరికించండి. దానిపై ఉన్నది బూడిదవన్నె కాదు. నల్లని నిగారింపులో ఎర్రదనం దాగిన ఒక చిక్కని ఛాయ. పొగ ఎప్పుడో ఆకాశంలో కలసిపోయింది. దాని వన్నె మాత్రం కొయ్యను పట్టుకొని మిగిలింది. తెలుగులో దీనికి అచ్చమైన మాట ఒకటి ఉన్నది. 'పొగచూరినది' అంటాము. వస్తువుల విషయంలో ధూమ్రశబ్దానికి ఇంతకంటె దగ్గరి తెలుగు మాట నాకు తోచదు.

కనుక భేదం ఇట్లా తేలుతున్నది. ధూమం వచ్చి పోయేది. ధూమ్రం అంటుకొని మిగిలేది.

ఈ భేదం నేటి వాడుకలో చెరిగిపోయింది. పొగత్రాగుటను సంస్కృతంలో 'ధూమపానం' అనవలెను. హిందీలో 'ధూమ్రపాన్' అన్న రూపం స్థిరపడింది. ఆ ప్రభావంతో మన హైదరాబాదులో చాలామంది తెలుగులోనూ 'ధూమ్రపానం' అంటారు. వ్యాకరణదృష్టితో చూస్తే 'పొగవన్నె గలదానిని త్రాగుట' అని దాని అర్థం. 2008 అక్టోబరు 2 నుండి బహిరంగస్థలాలలో పొగత్రాగుటను నిషేధించే నియమాలు దేశమంతటా అమలులోకి వచ్చిన తరువాత ఈ పదం గోడగోడనా దర్శనమిస్తున్నది. నిజానికి ధూమపానం ఒకప్పుడు చికిత్సకు పేరు. చరకసంహిత సూత్రస్థానం ఐదవ అధ్యాయంలో ఓషధులతో చేసిన వర్తి పొగను పీల్చే విధానం, దానికి తగిన ఎనిమిది కాలాలు, దానిని విడిచిపెట్టవలసిన వ్యక్తులు అన్నీ వివరంగా ఉన్నాయి. పొగ అందరికీ ఔషధం కాదని చరకుడే హద్దు గీశాడు. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను. ముందు దీనితో పని ఉన్నది.

మా నివాసం పాతనగరంలోని గౌలిపుర. లాల్‌దర్వాజ సింహవాహిని మహంకాళి ఆలయం, హరిబౌలి అక్కన్న మాదన్నల మహంకాళి ఆలయం మాకు కాలినడక దూరంలోనే ఉన్నాయి. ఆషాఢమాసం వస్తే ఈ వీధులన్నీ బోనాల సంరంభంలో మునిగిపోతాయి. పసుపు పూసిన ఘటం, వేపమండలు, పైన దీపం, వీటితోపాటు తప్పనిసరిగా నిప్పుకణికలపై పొగ. ఆ పొగకు ఇక్కడ రెండు పేర్లు. ఒకటి 'ఊదు', రెండవది 'మైసాక్షి'. కోస్తాసీమలో 'సాంబ్రాణి వేయుట' ఎంత సహజమో ఇక్కడ 'ఊదు వేయుట' అంత సహజం.

మైసాక్షి అన్నది మాటవరుసకు పుట్టిన గ్రామ్యపదమని కొందరు తలుస్తారు. అది శుద్ధ సంస్కృతమైన 'మహిషాక్ష' శబ్దానికి వికృతి. మహిషం యొక్క కన్ను వంటిది అని అర్థం. గుగ్గులు అనే చెట్టుబంకకు ఐదు జాతులను చెబుతూ భావమిశ్రుడు తన భావప్రకాశంలో మహిషాక్షం, మహానీలం, కుముదం, పద్మం, హిరణ్యం అని పేర్కొన్నాడు. ఒక మైసాక్షి ముద్దను అరచేతిలో పెట్టుకొని వెలుతురుకు ఎత్తి చూస్తే నల్లని గుండ్రని దానిలో లోపల ఎర్రని మెరుపు కనిపిస్తుంది. బర్రె కన్ను సరిగ్గా అట్లాగే ఉంటుంది. నలుపులో ఎరుపు! అమరుడు ధూమ్రానికి చెప్పిన వన్నె కూడా ఇదే. నిప్పు తగలకముందే ఆ ముద్ద ధూమ్రవర్ణంతో ఉన్నది. ధూమం ఇంకా పుట్టనే లేదు.

ఇప్పుడు ఈ శబ్దవిచారానికి నన్ను పురికొల్పిన విషయం చెప్పవలెను. మా అమ్మ కోడలిగా గౌలిపురకు వచ్చిన నాటినుండి ఇరవై ఏండ్లకు పైగా కట్టెలు, పిడకలు పెట్టి వంట చేసింది. గాలి ఆడని చిన్న వంటిల్లు. గొట్టంతో ఊదుతూ, కొంగుతో కన్నీళ్ళు ఒత్తుకొంటూ ఆమె వంట చేసేది. తరువాత కిరోసిన్ స్టవ్వు, ఆపైన గ్యాసు వచ్చాయి. ఇప్పుడు ఆమెకు డెబ్బై దాటినవి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఊపిరితిత్తులను పరీక్షించిన వైద్యుడు చిత్రాన్ని వెలుగుకు పట్టి చూపి, ఇంటిలో ఇకపై ఏ పొగా కూడదన్నారు. అగరుబత్తి, దోమలబత్తి, ఊదు, అన్నీ నిషిద్ధమే. పొయ్యి మారి ముప్పై ఏండ్లు గడిచాక కూడా పొగ లోపలే ఉన్నదా అని నేను అడిగాను. పొగ లేదు, అది చేసిన పని ఉన్నది అని ఆయన సమాధానం.

ధూమం పోయింది, ధూమ్రం మిగిలింది. కోశంలోని పదానికి ఇంతటి నిర్దయమైన ఉదాహరణను నేను మరెక్కడా చూడలేదు.

అమ్మకు మందులు బాధ కలిగించలేదు. ఊదు మానవలసి వచ్చుటే బాధ కలిగించింది. "ఏం బిడ్డా, ఊదు లేకుంటె పూజెట్లయితది? అమ్మవారు ఇంట్లకు ఎట్ల వస్తది?" అని ఆమె అడిగింది. ఆషాఢం నెల రోజుల్లో ఉన్నది. చదువుకొన్నవాడు తేలికగా ఏదో ఒక సమాధానం చెప్పి తప్పుకోవచ్చు. కాని ఆమె ప్రశ్న ఆచారానికి సంబంధించినదిగా కనిపిస్తున్నా నిజానికి తత్త్వానికి సంబంధించినది. పొగ ఉన్నచోట దేవత ఉంటుందని ఆమె విశ్వాసం. ఆ విశ్వాసంలో ఒక అనుమానప్రమాణం దాగి ఉన్నది.

తర్కశాస్త్రం మొదటి పాఠంలోనే పొగ వస్తుంది. ఆంధ్రదేశీయుడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహం నేటికీ దేశమంతటా బాలశిక్షగా చదువబడుతున్నది. కొండపై పొగ కనిపిస్తున్నది గనుక అక్కడ నిప్పు ఉన్నదని నిర్ణయించడం అందులోని ప్రసిద్ధమైన ఉదాహరణ. పొగకు, నిప్పుకు ఉన్న విడదీయరాని సంబంధాన్ని మనం ఎక్కడ నేర్చుకొన్నాము? 'మహానసం'లో, అనగా వంటింటిలో అని శాస్త్రం చెబుతుంది. నిప్పులేనిదే పొగ రాదన్న మన సామెత ఆ వ్యాప్తికి తెలుగు రూపమే.

ఇక్కడ ఒక్క క్షణం ఆగవలెను. తార్కికుడు వంటింటి గడపవద్ద నిలబడి పొగను చూచి వ్యాప్తిని గ్రహించాడు. పొయ్యి ముందు కూర్చున్నదెవరు? ఆ వ్యాప్తిని ప్రతిదినం తన శ్వాసతో పరీక్షించినదెవరు? మన తర్కశాస్త్రపు తొలి దృష్టాంతానికి మూల్యం చెల్లించినవారు మన తల్లులు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పేద మహిళలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చే పథకాన్ని ఆరంభించి దానికి 'దీపం' అని పేరు పెట్టింది. ఎవరు ఏ ఉద్దేశంతో పెట్టినా అది సార్థకనామం. పొగనుండి దీపానికి సాగవలసిన ప్రయాణమే అది.

నైయాయికులు మరొక సూక్ష్మం చెప్పారు. పొగ ఉంటే నిప్పు ఉండి తీరుతుంది. కాని నిప్పు ఉంటే పొగ ఉండి తీరుతుందా? ఉండదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉన్నది, పొగ లేదు. నిప్పుకు పొగ తోడు కావలెనంటే తడిసిన కట్టెతో సంయోగం కావలెను. దీనినే 'ఆర్ద్రేంధనసంయోగం' అనే ఉపాధిగా వారు పేర్కొన్నారు. పొగ నిప్పు స్వభావం కాదు, కట్టెలోని తడి స్వభావం.

అమ్మ ప్రశ్నకు సగం సమాధానం ఇక్కడ దొరికింది. పొగ ఉన్నచోట దేవత ఉన్నదనుట ఒప్పు. పొగ లేనిచోట దేవత లేదనుట తర్కానికి నిలువదు.

శ్రుతిస్మృతులలో పొగను గురించిన వాక్యాలను ఈ దృష్టితో పరిశీలిస్తే ఒక క్రమం కనబడుతుంది. గీత మూడవ అధ్యాయంలో భగవానుడు కామం జ్ఞానాన్ని కప్పే తీరును మూడు ఉపమానాలతో చెప్పాడు. పొగ నిప్పును, మురికి అద్దాన్ని, మావి గర్భస్థశిశువును కప్పినట్లు. శంకరభగవత్పాదులు అక్కడ పొగను అగ్నికి సహజమైనదిగా, అనగా దానితో కూడనే పుట్టినదిగా వ్యాఖ్యానించారు. పద్దెనిమిదవ అధ్యాయంలో పొగ మరల వస్తుంది. కర్మారంభాలన్నీ నిప్పును పొగ ఆవరించినట్లు దోషంతో కూడినవేనని, అయినా సహజకర్మను విడువరాదని అక్కడి బోధ. ఇక బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి చెప్పిన దృష్టాంతం మరీ ఆశ్చర్యకరం. తడికట్టెలు పెట్టిన నిప్పునుండి రకరకాల పొగలు వెలువడినట్లు ఋగ్వేదాదులన్నీ ఆ మహాభూతం నుండి నిఃశ్వాసంగా వెలువడినవి అన్నాడాయన. అక్కడ పొగ ఆవరణం కాదు. సాక్షాత్తు వేదమే.

ఒకచోట కప్పేది, మరొకచోట తెలిపేది. ఇది విరోధం కాదు. పొగకు రెండు పనులు ఉన్నవి. దగ్గరకు పోయినవాని కంటికి అది నిప్పును కప్పుతుంది. దూరాన ఉన్నవానికి నిప్పు జాడను తెలుపుతుంది. సాధన ఆరంభంలో ఆచారం, ఉపచారం, గంధం, ధూపం అన్నీ జాడ తెలిపే పొగలు. వాటిని పట్టుకొని నిప్పు దాకా నడవవలెను. చేరిన తరువాత కూడా పొగను పట్టుకొని వ్రేలాడితే అదే ఆవరణం అవుతుంది.

దేవీమాహాత్మ్యం ఆరవ అధ్యాయంలోని ధూమ్రలోచనుని పేరు ఇప్పుడు కొత్తగా వినిపిస్తుంది. శుంభుని ఆజ్ఞతో దేవిని జుట్టుపట్టి ఈడ్చుకొనివచ్చుటకు వెళ్ళి, ఆమె హుంకారమాత్రంతో భస్మమైనవాడు. అతని కన్నులలో ఉన్నది ధూమం కాదు, ధూమ్రం. పొగ కమ్మిన కన్ను నీరు కార్చి కొంతసేపటికి తేరుకొంటుంది. పొగచూరిన కన్ను ఎదుట జగన్మాత నిలిచినా గుర్తించలేదు. దీనికే శాస్త్రంలో 'వాసన' అని పేరు. వాసన అన్న పదం కూడా పరిమళం అంటుకొనుట నుండి వచ్చినదే. ఇంగువ తీసివేసినా ఇంగువ డబ్బా వాసన కొడుతుంది. కోపం క్షణంలో పోతుంది, కోపచ్ఛాయ స్వభావానికి అంటుకొంటుంది. మనం ధూమాన్ని విసనకర్రతో తరుముతూ సాధన చేస్తున్నామనుకొంటాము. తొలగవలసినది ధూమ్రం.

మిగిలిన సగం సమాధానం పూజావిధానంలోనే దొరికింది. సహస్రనామపారాయణకు ముందు మనం చేసే పంచపూజలో ఒక్కొక్క ఉపచారం ఒక్కొక్క భూతానికి ప్రతీక. గంధం పృథివి, పుష్పం ఆకాశం, ధూపం వాయువు, దీపం అగ్ని, నైవేద్యం అమృతం. ధూపసమర్పణం వాయుబీజంతో జరుగుతుంది. అంటే దేవతకు అర్పిస్తున్నది పొగను కాదు, గాలిని. పొగ ఆ గాలికి కంటికి కనబడే రూపం మాత్రమే. పైగా ఆ పూజలో బొగ్గులు లేవు, పాత్ర లేదు. కేవలం ముద్ర, భావన. వాయువు ఒంటిలో ప్రాణమై ఉన్నది. ఊపిరి అందక కూర్చున్న తల్లి ఉన్న ఇంట, ఆమెకు ఉన్న కాస్త గాలినీ హరించే ధూపం వాయుతత్త్వానికి అర్పణ ఎట్లా అవుతుంది? పీల్చరానివారిని చరకుడు వేరు చేసి చెప్పాడు గదా. ఆమె కష్టపడి తీసే ఒక్కొక్క శ్వాసా ఆ దేవతకు ధూపమే.

ఇదంతా అమ్మకు ఆమె భాషలో చెప్పాను. కఠోపనిషత్తు హృదయంలోని అంగుష్ఠమాత్రపురుషుని పొగలేని జ్యోతితో పోల్చినదని కూడా చెప్పాను. అక్కడి పదం 'అధూమకం'. పొగను గురించిన శబ్దాలలో ఇది చివరిది, శ్రేష్ఠమైనది. ఆమె శ్రద్ధగా విన్నది. విని, "నువ్వు చెప్పింది మంచిగనే ఉన్నది. కానీ చెయ్యి ఊకె ఉంటదా?" అన్నది. నాకు మాట రాలేదు. పుస్తకానికి భావన చాలు, అరువై ఏండ్ల అలవాటుగల చేతికి ఏదో ఒకటి కావలెను.

బోనాల ఆదివారం నాడు ఆమె చేసినది ఇది. మైసాక్షి పొట్లం విప్పి, ఒక పెద్ద ముద్దను ఏరి, ఇత్తడి గిన్నెలో పెట్టి అమ్మవారి పటం ముందు ఉంచింది. బొగ్గులు లేవు, నిప్పు లేదు. పక్కన నూనెదీపం ఒక్కటే. "కాలిస్తెనే వాసనొస్తదా? తల్లికి తెల్వదా ఇది ఏందో?" అన్నది. గుగ్గులు కాల్చకపోయినా మెల్లగా పరిమళిస్తుంది. ఆ చిన్నగది ఆనాడంతా సన్నని సుగంధంతో నిండి ఉన్నది. దీపపు వెలుగు తగిలి ఆ నల్లని ముద్దలో ఎర్రని వన్నె మెరిసింది. ధూమం లేదు, ధూమ్రం ఉన్నది. శాస్త్రం చదువని ఆమె ఆ రెండు శబ్దాలను ఒక ఇత్తడి గిన్నెలో విడదీసి చూపింది.

ధూమ్రం తొలగవలసినదని పైన అన్నాము. అయితే అది భగవంతుని నామం ఎట్లా అయింది? ముద్గలపురాణం విఘ్నేశ్వరుని ఎనిమిది అవతారాలను చెబుతూ ఒక్కొక్క అవతారానికి ఒక్కొక్క అంతఃశత్రువును చెప్పింది. మాత్సర్యం, మదం, మోహం, లోభం, క్రోధం, కామం, మమత, చివరిది అహంకారం. ఆ అహంకారాన్ని అణచినవాడు ఎనిమిదవవాడైన ధూమ్రవర్ణుడు. ద్వాదశనామాలలోనూ ధూమ్రవర్ణునిది ఎనిమిదవ స్థానమే. అహంకారాన్ని జయించుటకు స్వామి తళతళలాడే బంగారువన్నెతో రాలేదు. పొగచూరిన వన్నెతో వచ్చాడు. 'నాకు మచ్చ లేదు' అన్న భావమే అహంకారానికి చివరి ఆశ్రయం. మచ్చను తన మేనివన్నెగా ధరించినవాని ఎదుట అది నిలువలేదు.

మనకై నిప్పు ముందు కూర్చుండి పొగను తాము పీల్చి, అన్నం మాత్రం మనకు వడ్డించినవారి వన్నె కూడా అదే. మనలోని ధూమ్రం కామం వలన అంటుకొన్నది గనుక కడుగవలసినదే. పరులకై చేసిన సహజకర్మ వలన అంటుకొన్న ధూమ్రం మాత్రం నమస్కరింపదగినది. ఇకమీదట 'ధూమ్రవర్ణాయ నమః' అని అక్షతలు వేసేటప్పుడు ఆ రేఫను స్పష్టంగా ఉచ్చరించండి. మీ ఇంట పొగచూరిన చేతులు ఉంటే, ముందుగా వాటికి గాలి ఆడే గదిని ఇవ్వండి. ఆ పిమ్మట ధూపం సంగతి ఆలోచించవచ్చు.

సర్వం శ్రీ పరమేశ్వరార్పణమస్తు.